సింసిమ్‌ని దిగబెట్టడం

ఏప్రిల్ 13, సాయంత్రం

గుండె డాక్టర్ రెండు చెప్పాడు. సైకిల్ తొక్కు, ఛాతీ ఎలా ఉందో రోజూ రాసిపెట్టు. ఛాతీ బాగానే ఉంది. రాయడం అయిపోయింది.

పేజీ ఇంకా ఖాళీగా ఉంది కాబట్టి మిగతాదీ రాస్తాను. రేపు ఉమ్ కైస్ నుంచి మా సైకిల్ క్లబ్ టూర్ బయల్దేరుతుంది. జోర్డాన్ పై అంచు నుంచి కింది అంచు దాకా, అకబా సముద్రం దాకా. కుర్రాళ్ళ సైకిళ్ళు ఒక్క చేత్తో ఎత్తేటట్టు ఉన్నాయి. నాది ఇనప సైకిల్. వెనక ఒక ట్రైలర్ తగిలించాను. మా రొట్టెల వ్యాన్‌లో పాత ట్రేలు విప్పి నేనే కట్టాను. అందులో సింసిమ్ కూర్చుంటుంది.

సింసిమ్ నా కుక్క కాదు. మర్చిపోతానేమోనని ముందే రాసుకుంటున్నాను. దక్షిణాన షోబక్ కొండల్లో గుడారం వేసుకుని ఉండే బెదూయిన్ పెద్దమనిషి అబూ ముత్లక్‌ది. పోయిన ఎండాకాలం వాళ్ళ గొర్రెల మంద మా ఊరి గోధుమ చేలల్లో కోతలయ్యాక మిగిలిన కొయ్యకాళ్ళు మేయడానికి వచ్చింది. తిరిగి లారీలెక్కే రోజు ఈ కుక్క కనపడలేదు. వాళ్ళు వెళ్ళాక వాగులో నాకు దొరికింది, కాలు విరిగి. ఫోన్ చేస్తే ఆయన, నీ దగ్గర అమానతుగా ఉండనీ అబూ సనద్ తమ్ముడూ, వచ్చే ఏడు వచ్చి తీసుకుంటాను అన్నాడు. ఈలోగా వాళ్ళు మేపుకునే చేలాయన మాట మార్చి ఆ చేలు ఇంకెవరికో ఇచ్చేశాడు. ఇక ఉత్తరానికి రామని అబూ ముత్లక్ కబురుపెట్టాడు. ఆయన రాకపోతే, నమ్మి అప్పగించిన అమానతు నేనే చేర్చాలి. టూర్ దారి సరిగ్గా వాళ్ళ గుడారం పక్కనుంచే పోతుందట. ఇంత చక్కగా కుదరడం నాకేమీ నచ్చలేదు.

తెల్లటి ఒంటి మీద నువ్వులు చల్లినట్టు చుక్కలు. అందుకే సింసిమ్. రొట్టెల వ్యాన్ తోలేవాడికి నువ్వుల పేరు కాక ఇంకేం తడుతుంది?

మా ఆవిడ ఫద్దా శీతాకాలమంతా దాన్ని గడప తొక్కనివ్వలేదు. మన మతంలో కుక్క మూతిపెట్టిన గిన్నె ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మన్నుతో. నా దగ్గర అంత మన్ను లేదు అంటుంది. కానీ వాకిట్లో నీలం బేసిన్ నిండా రోజూ నీళ్ళు పెడుతుంది. పిచ్చుకలకట.

ఇప్పుడే నా సంచిలో ఒక పొట్లం పెట్టింది. విప్పి చూస్తే ఎముకలు. అవి నీక్కాదు అంది. ఎవరికో చెప్పలేదు.

ఏప్రిల్ 14

మా కెప్టెన్ రులా. ఫిజియోథెరపిస్ట్, నా కూతురి ఈడుది. బాబాయ్ బాబాయ్ అంటూనే మిలిటరీ ఆర్డర్లు వేస్తుంది. పొద్దున ట్రైలర్‌లోకి తొంగిచూసి, దీనికి హెల్మెట్ ఏది బాబాయ్ అని అడిగింది. చెవులు అడ్డమొస్తాయన్నాను. రూల్స్ పుస్తకంలో కుక్కల మాట లేదు కాబట్టి రానిచ్చింది.

అసలు మిలిటరీ వాడు షాహిర్. రిటైరయ్యాడు. బెదూయిన్ల బిడ్డ, ఇప్పుడు మా ఊరి అల్లుడు. మేమంతా సైకిల్ తొక్కుతుంటే నేనొక్కణ్ణే టాక్సీ తోలుతున్నానని అందరికీ చెబుతున్నాడు. మీటరు కూడా పెట్టుకోమన్నాడు.

ఎక్కుడు వస్తే సింసిమ్ దిగి నా పక్కన నడుస్తుంది. దిగుడు వస్తే ఎక్కి కూర్చుంటుంది. దానికి ఎవరూ నేర్పలేదు. పెద్ద ఇంటి బుద్ధులు.

ఏప్రిల్ 15

ఛాతీ బాగుంది. పిర్రలు బాగాలేవు. వాటి గురించి డాక్టర్ రాయమనలేదు.

ఏప్రిల్ 17, సల్ట్ దాటాక

ఫద్దా రోజూ ఫోన్ చేస్తుంది. మందులు వేసుకున్నావా, తిన్నావా అని అడిగి, మిగతావాళ్ళు కూడా సరిగ్గా తింటున్నారా అంటుంది. మిగతావాళ్ళంటే ఎవరని అడిగాను. సైకిలు అంది.

సైకిలు బాగా తింటోంది. రులా తన గుడ్డు పెడుతుంది. కుర్రాళ్ళు చీజ్ పెడతారు. కుక్క అంటే కిట్టదన్న షాహిర్, ఎవరూ చూడకుండా మాంసం ముక్క పడేసి నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను.

ఏప్రిల్ 19, ముజీబ్ లోయ అవతల

ఇవాళ లోయలోకి దిగడం, మళ్ళీ ఎక్కడం. అంతే. కానీ ఆ అంతే పొద్దుటినుంచి పొద్దుగుంకే దాకా పట్టింది.

దిగేటప్పుడు ట్రైలర్ వెనకనుంచి తోస్తోంది. బ్రేకుల దగ్గర కాలిన వాసన. సింసిమ్ మాత్రం గాలికి చెవులు ఎగరేసుకుంటూ పెళ్ళికారులో కూర్చున్నట్టు కూర్చుంది. కింద వంతెన దగ్గర ఆగాక నా కాళ్ళు సైకిల్ దిగాయి, నేను దిగడానికి కాసేపు పట్టింది.

ఎక్కుడులో సగానికి నావల్ల కాలేదు. ఛాతీ కాదు, తొడలు. కూర్చున్నాను. సింసిమ్ కూడా కూర్చుంది. రులా వెనక్కి వచ్చి, ట్రైలర్ విప్పి తన సైకిల్‌కి తగిలించుకుంది. తర్వాత కుర్రాళ్ళు వంతులేసుకున్నారు. చివరి మలుపులు షాహిర్ లాగాడు, తిట్టుకుంటూ. ఖాళీ ట్రైలర్ వాళ్ళతో పైకి పోతోంది. కుక్క మాత్రం కింద నా దగ్గరే. నేను సైకిల్ నెట్టుకుంటూ నాలుగు అడుగులు వేస్తే అదీ నాలుగు అడుగులు. నేను ఆగితే అదీ ఆగి, లోయ చూసేందుకే ఆగినట్టు నటించింది. మర్యాద తెలిసిన జంతువు.

పైన టీ దగ్గర షాహిర్ అడిగాడు. అబూ ముత్లక్‌ని నోరు తెరిచి అడగొచ్చు కదా, కుక్కను నాకివ్వమని. ఎలా అడుగుతాను? గుమ్మంలోకొచ్చిన అతిథి అడిగితే ఆయన కాదనలేడు. అంటే అడగడం కాదు, జేబులో చెయ్యి పెట్టడం. పైగా అది ఊరికే అలంకారానికి పెంచుకున్న కుక్కా? చలికాలంలో తోడేళ్ళకీ వాళ్ళ మందకీ మధ్య ఉండేది అదే.

అడగను. ఇచ్చి వచ్చేస్తాను.

ఏప్రిల్ 21, కరక్

ఇవాళ నాకు మళ్ళీ మళ్ళీ పంక్చర్. మేకులు నేనేసుకోలేదు. షాహిర్ నమ్మడం లేదు.

ఏప్రిల్ 23, తఫీలా

సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి హెచ్చరించాను. రేపు గుడారంలో ఎవరూ కుక్కను పొగడొద్దు. అందంగా ఉందనొద్దు, తెలివైందనొద్దు. అలా అంటే ఆయన మర్యాదకి, మీదే తీసుకోండి అంటాడు. అది కూడా అడిగినట్టే. రులా చెయ్యెత్తి, తిట్టొచ్చా బాబాయ్ అంది. తిట్టొచ్చన్నాను.

చివరి ఎముక ఇవాళ పెట్టేశాను. పొట్లం కాగితం పారేయలేదు. ఎందుకో తెలీదు. కాగితమే కదా.

ఏప్రిల్ 24, అబూ ముత్లక్ గుడారంలో

గుడారం కనపడకముందే దానికి వాసన తగిలింది. ట్రైలర్ మీంచి దూకి కొండ ఎక్కేసింది. వెనక్కి చూడలేదు. గొర్రెల చుట్టూ ఒక చుట్టు తిరిగి, చెదిరిన వాటిని ముందుకు తోసి, రాత్రే వదిలి వెళ్ళిన పనిలా మొదలుపెట్టింది. చాలా మంచి కుక్క. ఇక్కడ రాసుకోవచ్చు, ఆయన చదవడు.

అబూ ముత్లక్ ఎదురొచ్చి నన్ను కావలించుకున్నాడు. గొర్రెను కోశారు. అన్నదమ్ములు, చుట్టుపక్కల గుడారాల వాళ్ళు వచ్చి వరుసగా కూర్చున్నారు. రులాని తెర వెనక ఆడవాళ్ళ వైపు తీసుకెళ్ళారు. ఆయన కుక్కను పాత పేరుతో పిలిచాడు, శహ్‌బా అని. ఒక చెవి తిప్పింది. పని ఆపలేదు.

మావాళ్ళు నా మాట మరీ బాగా పాటించారు. తిండిపోతండీ అన్నాడు షాహిర్. పిరికిదండీ, ప్లాస్టిక్ సంచికి భయపడుతుంది అన్నాడో కుర్రాడు. నేను కూడా ఒకటి అనాలి కదా, గురక పెడుతుందన్నాను.

తెర వెనకనుంచి ఒక ఆడగొంతు వచ్చింది. ఆయన భార్య ఉమ్ ముత్లక్.

"మా కుక్క గురక పెట్టదు. దాని పక్కన పడుకున్నవాడెవరో పెట్టుంటాడు."

గుడారమంతా నవ్వింది. సల్ట్ నుంచి నా గురక వింటున్న షాహిర్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

తర్వాత కాఫీ. అబూ ముత్లక్ తన చేత్తో పోసి మొదటి కప్పు నాకిచ్చాడు. సరిగ్గా అప్పుడే సింసిమ్ కొండ దిగి వచ్చింది. గుడారం తాళ్ళ అవతలే నిలబడి, మెడ మాత్రం లోపలికి చాచి, కప్పు పట్టుకున్న నా చేతిని నాకింది. అన్ని వేళ్ళూ.

కుక్క నాకిన చేత్తో పెద్దల ముందు కాఫీ ఎలా తాగుతాను? కప్పు కింద పెట్టాను.

పెట్టాక తెలిసింది ఏం చేశానో.

కాఫీ పోస్తున్న చెయ్యి గాల్లో ఆగింది. మొదటి కప్పు తాగకుండా కింద పెట్టేవాడు కోరిక మీద వచ్చినవాడు. పిల్లనడగడానికి పెడతారు, రక్తపు పగ ఆపమని పెడతారు. ఇంటాయన మాటిచ్చేదాకా తాగరు. మా నాన్న జన్మలో ఒక్కసారి పెట్టాడు, ఫద్దావాళ్ళింట్లో, నాకోసం.

అబూ ముత్లక్ సర్దుకుని కూర్చున్నాడు.

"నువ్వు వచ్చిన పని అయిందనుకో అబూ సనద్. కాఫీ తాగు."

చెయ్యి నాకిందండీ అంతే, అనొచ్చు. కానీ అంతమంది ముందు ఆయన మాటిచ్చేశాక, పొరపాటైంది అంటే ఆ మాటకి విలువేముంటుంది? ఇంకో సంగతి కూడా ఉంది. నాకు అనాలనిపించలేదు. షాహిర్ మోచేత్తో పొడుస్తున్నాడు. నోటికి ఏదొస్తే అది అనేశాను.

"దాన్ని సింసిమ్ అనే పిలవండి. పేరు మార్చకండి. నా కోరిక అదే."

ఆయన మొహం ఎర్రబడింది.

"పేరా? నా గుడారంలో కప్పు కింద పెట్టి పేరడుగుతావా? రేపు జనం ఏమంటారు? అబూ ముత్లక్ కాఫీ అంత చవకా అనరూ? నలుగురిలో చెప్పుకునేట్టు అడుగు తమ్ముడూ. నువ్వేం అడుగుదామనుకుంటున్నావో ఈ గుడారంలో అందరికీ తెలుసు. సరే, కుక్కను..."

"నీది కానిది ఇవ్వకు ముత్లక్ నాన్నా," అంది తెర.

అప్పుడు తెలిసింది, కుక్క ఆవిడదట. పిల్లగా ఉన్నప్పుడు సీసాతో పాలుపట్టి పెంచింది ఆవిడే, మందతో కొండెక్కేదీ ఆవిడే. అది లేని శీతాకాలం తోడేలు నా గొర్రెపిల్లల్ని పేరుపెట్టి పిలిచినట్టు ఒక్కొక్కదాన్నే పట్టుకెళ్ళింది అంది. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

పాపం అబూ ముత్లక్. నాకు మాటిచ్చేశాడు, వెనక్కి తీసుకోలేడు. భార్య కుక్కను ఇవ్వలేడు. నా పొరపాటు వల్ల ఆయన సొంత గుడారంలో ఆయనకే దారి లేకుండా పోయింది. కప్పేమో కింద చల్లారుతోంది.

అప్పుడు నా బావమరిది నాయెఫ్ గుర్తొచ్చాడు. ఏటా కోతలయ్యాక నా చేలో కొయ్యకాళ్ళు వాడి మేకలకే. కొయ్యకాళ్ళయ్యాక నా ఆలివ్ మొక్కలు తింటాయి. అవీ అయ్యాక తీగ మీద ఆరేసిన నా చొక్కా వైపు చూస్తాయి.

"పెద్దదే అడుగుతాను," అన్నాను. "ఈ ఎండాకాలం మీ మంద నా చేలో దిగాలి. ఇంకెవరి చేలోనూ దిగకూడదు. కోత కాగానే రావాలి. మళ్ళీ ఏడు కూడా. నేను బతికున్నన్నాళ్ళూ."

అబూ ముత్లక్ నన్ను చూశాడు. తర్వాత తెర వైపు చూశాడు.

నీళ్ళున్నాయా అంది తెర. బావి ఉందమ్మా అన్నాను. నీడ? ఆలివ్ చెట్లున్నాయి, ఇంకా లేతవి, కాస్త చూసుకోవాలి అన్నాను.

"చెట్ల జోలికి పోతే సింసిమ్ ఊరుకోదులే," అంది. "తాగు అన్నా, చల్లారిపోతోంది."

సింసిమ్ అంది. శహ్‌బా అనలేదు.

చేతుల మీద నీళ్ళు పోశారు. కడుక్కుని తాగాను. అంత చల్లటి కాఫీ, అంత చేదు కాఫీ ఎప్పుడూ తాగలేదు. ఇంకో రెండు కప్పులు పోయించుకున్నాను.

ఏప్రిల్ 25

ట్రైలర్ ఖాళీ. అందరూ తేలికైందా అని అడుగుతున్నారు. అయింది. ఎక్కుడు వచ్చిన చోటల్లా ఆగి పక్కకి చూస్తున్నాను.

ఏప్రిల్ 28, అకబా

అందరం బట్టలతోనే సముద్రంలో దిగాం. రులా ఏడ్చింది. ఉప్పునీళ్ళు కళ్ళలో పడ్డాయంది. షాహిర్‌కి ఇంకా నీళ్ళలోకి దిగకముందే పడ్డాయి.

ఫద్దాకి చెప్పక తప్పలేదు. నాలుగు రోజులుగా సిగ్నల్ సరిగ్గా లేదని అబద్ధమాడి ఫోన్ పెట్టేస్తున్నాను. కప్పు సంగతి చెప్పాను, చేను సంగతి చెప్పాను, మీ తమ్ముడి మేకలకి ఇక చోటు లేదని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు నిజంగానే సిగ్నల్ పోయిందనుకున్నాను.

"నన్నడగడానికి మీ నాన్న పెట్టాడు కప్పు," అంది. "కుక్క కోసమైతే నువ్వే పెట్టావన్నమాట."

చెయ్యి నాకింది ఫద్దా అన్నాను. అలాగేలే అంది. నాయెఫ్‌తో తనే మాట్లాడుతుందట. ఆ ఆలివ్ మొక్కలు నేను నాటినవి అని కూడా అంది. నాకు తెలీదు, ఇన్నేళ్ళుగా ఆ మేకల మీద తనకి కూడా కోపమేనని.

ఛాతీ బాగుంది.

జూన్ 20

రోడ్డు మీద లారీల దుమ్ము కనిపిస్తోంది.

నీలం బేసిన్ నిండా నీళ్ళు. పక్కన ఒక బస్తా మన్ను, శుభ్రంగా జల్లించింది. నిన్న లేదు. ఎందుకని అడిగాను.

పిచ్చుకలకంది.