లారీకి రెండు రూపాయలు

రాప్తాడు,
శనివారం.

నాయనకు, అమ్మకు మీ ఓబులేసు దండాలు పెట్టి రాసుకునేది. మీ దీవెన వల్ల నేను ఇక్కడ బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? చెల్లెలు లక్ష్మి ఈ ఉత్తరం మీకు చదివి వినిపిస్తుంది గనుక దానికి వేరే రాయడం లేదు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. బాగానే ఉన్నాను.

ముందు ఒక మాట సరిచేయాలి. నాకు లారీ క్లీనరు పని దొరికిందని మీరు ఊరంతా చెప్పారట. నేనూ అట్లాగే అనుకుని వచ్చాను నాయనా. క్లీనరంటే డ్రైవరు పక్కన కూర్చుని, దారిఖర్చుకు బత్తా తీసుకుని, బొంబాయి దాకా పోయి వచ్చేవాడే కదా! మూట కట్టుకుని షెడ్డుకు పోతే ఓనరు నా చేతిలో బ్రష్షు, గుడ్డపీలిక పెట్టాడు. "లారీ యాడికి పోతాదన్నా?" అని అడిగాను. "అది యాడికన్నా పోనీలేప్పా, నువ్వు మాత్రం ఈడే. క్లీన్ చేసేవాడే క్లీనరు" అన్నాడు. అక్కడున్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. బొంబాయి చీర వస్తుందని అమ్మ ఎవరితోనైనా అని ఉంటే, ఇక అనవద్దని చెప్పండి.

పెద్దరోడ్డు పక్కనే షెడ్డు. వెనక బోరు, మోటారు ఉన్నాయి. నేను, ఖాజా అనే అతను జతగా లారీలు కడుగుతాం. మొదటిరోజు ఆ పైపులో నీళ్లు వచ్చే జోరు చూసి నా గుండె ఆగినంత పనైంది. ఒక్క లారీకి కొట్టే నీళ్లు మన వీధికి రెండు రోజులు వస్తాయి. అలవాటు చొప్పున పైపు మూతి వేలితో నొక్కి పొదుపుగా పోస్తుంటే ఓనరు అరిచాడు: "ఏమప్పా, పసిబిడ్డకు పోసినట్టు పోస్తాండావు? గట్టిగా కొట్టు!" అవి ఉప్పునీళ్లు, మన ఊళ్లో అయితే వాటికే తొక్కిసలాట. తాగడానికి మాత్రం బండిమీద వచ్చే నీళ్లు బిందె పావలా పెట్టి కొనుక్కుంటున్నాం. పొద్దంతా నీళ్లలో నిలబడి, సాయంత్రం నీళ్లు కొనుక్కోవడం! ఇట్లాంటి విడ్డూరం నేను పుట్టి ఎరుగను.

కూలి మనిషికి లారీకి రెండు రూపాయలు. నెల జీతం లేదు. లారీ ఆగితే కూలి, ఆగకపోతే ఖాళీ. మంచిరోజున ఐదు లారీలు తగులుతాయి. పది రూపాయలా అని నోరు తెరవకండి, నేను తెరిచి మూసుకున్నాను. హోటల్లో భోజనం రెండున్నర, అదీ నీళ్లచారు. సంగటి కనపడదు. మన ఊరివాళ్లు ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం రాగిపిండి పంపండి. గది అద్దె నేను, ఖాజా చెరిసగం కడుతున్నాం. ఇంకొక వింత వినండి. లారీ తోమే సోడా ఓనరుది, నన్ను నేను తోముకునే సబ్బు నాది. గ్రీజు వదలాలంటే సబ్బంతా అరగాల్సిందే. మన ఇంట్లో అందరికీ నెల వచ్చే సబ్బు నాకొక్కడికే వారం రాదు. లారీ మీద సంపాదించింది లారీ జిడ్డుకే పోతోంది.

ఇక అసలు మాట. లక్ష్మీ, ఇక్కడినుంచి అమ్మ దగ్గర లేనప్పుడు చదువు.

మన చేనిలో శెనగకాయ ఊడలు నేలలోకి దిగే సమయమని నాకు తెలుసు. ఇప్పుడు ఒక్క వాన పడకపోతే చెట్టు మేతకు తప్ప పనికిరాదు. ఈసారీ పంట పోతే ఎద్దులను అమ్మి మీరు కూడా కూలికి బయలుదేరాలి. ఇదంతా తెలిసే నేను చేసిన పని చూడండి.

పోయిన నెల ఇక్కడ రెండు రోజులు ముసురు పట్టింది. మొదటి చినుకుకు నేను షెడ్డు ముందు గంతులు వేశాను. ఒక్క లారీ కూడా ఆగలేదు. "దేవుడే కడుగుతాంటే మనకెవడు దుడ్లిస్తాడప్పా?" అన్నాడు ఖాజా. ఆ రెండు రోజులూ బొరుగులు తిని పడుకున్నాం. మన వైపు చినుకైనా రాలలేదని తర్వాత లక్ష్మి రాసింది.

నిన్న మధ్యాహ్నం ఐదు లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. పడమటి నుంచి నల్లటి మబ్బు లేచింది. డ్రైవర్లు తలెత్తి చూశారు. ఒకడు అప్పుడే బండి స్టార్టు చేశాడు. నా కూలి పోతోందని అనిపించింది, అంతే. "వద్దు సామీ, ఈ పొద్దు వద్దు! పో, పో!" అని మబ్బు వైపు చేతిలో బ్రష్షు ఎత్తి కేక వేశాను. కేక వేసింది నేనేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. ఖాజా నవ్వుతూ అన్నాడు: "ఏమప్పా ఓబులేసూ, రైతుబిడ్డవు, వాననే తరుముతాండావే!"

మబ్బు చూస్తే మీరు తలపాగా తీసి, మాట్లాడకుండా నిలబడతారు. నేను వాన కోసం కప్పతల్లిని మోసి, ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకున్నవాణ్ణి. నేను వానను పొమ్మన్నాను నాయనా! కాసేపటికి గాలి లేచి మబ్బు విరిగిపోయింది. స్టార్టు చేసినవాడూ బండి ఆపేశాడు. ఐదు లారీలూ కడిగాను. కడుగుతున్నంతసేపూ ఆకాశం వైపే చూశాను. ఆ పది రూపాయలతో రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. వాటిని మనియార్డరు చేస్తున్నాను.

పెద్దనాయనకు, అత్తకు, వీధిలో పెద్దలందరికీ నా దండాలు. అమ్మకు నీళ్ల కోసం దూరం పోవద్దని చెప్పండి. నన్ను తిట్టాలంటే తిట్టండి, తిట్టి దీవించండి. నిన్న ఆ మబ్బు విరిగి మన దిక్కుకే పోయిందని ఖాజా అంటున్నాడు. నిజమో, నా ముఖం చూసి అన్నాడో తెలియదు. మన చేనిమీద వాన పడి ఉంటే ఈ దుడ్లతో ఇంట్లోకి బియ్యం కొనండి. పడి ఉండకపోతే, నాయనా, వీటిని మన గడప దాటి లోపలికి రానివ్వకండి.

ఇట్లు,
మీ పాదాలకు మొక్కే కొడుకు
ఓబులేసు