వాలు మీద లారీ

మార్చి 3, మంగళవారం

మామయ్య లారీ కొన్నారు. మిలిటరీ లారీ.

అదే రోజు, సాయంత్రం

పొద్దున రాసింది మళ్ళీ చదువుకున్నాను. కల కాదు. వంటింటి కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ కనపడాలి. ఇప్పుడు ఆకుపచ్చ ఇనుము కనపడుతోంది. ఆర్మీవాళ్ళు పాత బండ్లు వేలం వేస్తుంటే ఇంట్లో పిట్టకి కూడా చెప్పకుండా వెళ్ళి పాడుకొచ్చారు. ఇంకో లారీకి కట్టి లాగించుకొచ్చారు. మా ఇంటి పక్క ఖాళీ స్థలం వెనక ఎత్తుగా ఉండి వీధి వైపుకి వాలుతుంది. ఆ ఎత్తు మీదకి ఎక్కించి, మూతి వీధి వైపు పెట్టించి, చక్రాల కింద రాళ్ళు వేయించారు. కింద చదునుగా బోలెడు చోటుంది కదా మామయ్యా అంటే, నీకు తెలీదులే అన్నారు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, లారీని చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసేసి స్నానానికి పోయాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. ఈయన తిరకాసు రకం, వీధిలోనే పులి.

మామయ్య ఆర్మీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇలాంటి లారీలే నడిపారట. 22వ తేదీ ఆదివారం పాత డ్రైవర్లందరూ ఊరవతల గ్రౌండులో కలుస్తున్నారు. దీన్ని తనే నడుపుకుంటూ వెళ్తానన్నారు. అది విన్నాక నాకు అన్నం సయించలేదు. ఆయనకి పక్కలు కనపడవు.

మార్చి 4

నాది కంటాసుపత్రిలో ఉద్యోగం. పేషెంటు తల మెషీన్లో పెట్టించి, లైటు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కండి అని చెప్పడం నా పని. పోయిన నెల మామయ్యకి టెస్టు చేసింది నేనే. రిపోర్టులో మధ్యన గుండీ అంత తెలుపు, చుట్టూ నలుపు. గ్లకోమా. గొట్టంలోంచి చూస్తున్నట్టన్నమాట. ఇక బండి ముట్టుకోవద్దని డాక్టరు ఆయన మొహం మీదే చెప్పారు.

చిక్కేమిటంటే ఎదురుగా ఉన్నది ఆయనకి మనకన్నా బాగా కనపడుతుంది. ఇవాళ ధైర్యం చేసి, మీరు నడపకూడదు మామయ్యా అన్నాను. ఆయన పేపరు తీసి, చేయి చాచి పట్టుకుని, అద్దాల్లేకుండా చీమతలకాయంత అక్షరాల ప్రకటన గడగడా చదివారు. పాత ఫ్రిజ్ అమ్మబడును. ఇప్పుడు చెప్పమ్మా, ఎవరికి కళ్ళు లేవు అన్నారు. లేచి వెళ్తూ పక్కనున్న స్టూలుని తన్నుకుని, దీన్ని ఇక్కడెవరు పెట్టారని అత్తయ్య మీద ఎగిరారు. నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఆ స్టూలు అక్కడే ఉంది.

తాళం దాచేద్దామా అని మా ఆయన గుసగుసలాడాడు. వెళ్ళి చూశాం. ఆ లారీకి తాళమే లేదు. స్విచ్ వేసి బటన్ నొక్కడమేనట. యుద్ధంలో తాళం ఎవడు వెతుక్కుంటాడు అన్నారు మామయ్య వెనక నుంచి.

మార్చి 7, శనివారం

దేవుడున్నాడు. బ్యాటరీలు చచ్చాయి.

బటన్ నొక్కితే టిక్ అని ఒక్క చప్పుడు, అంతే. లారీకి రెండు బ్యాటరీలు, రెండూ కలిసి ఇరవై నాలుగు వోల్టులట. మా ఆయన ఉత్సాహంగా కారు తెచ్చి వైర్లు తగిలించబోయాడు. మామయ్య చెయ్యి మీద కొట్టినంత పని చేశారు. కారుది పన్నెండే, ఏనుగుకి చీమ ఊతమా అన్నారు. నాకు లోపల్లోపల భలే సంతోషం.

సంతోషం మధ్యాహ్నం దాకానే. బ్యాటరీ షాపాయన వచ్చాడు. ప్యాంటు నిండా చిల్లులే, అందుకే వీధిలో అందరూ ఆయన్ని యాసిడ్ బాబాయ్ అంటారు. పాతవి విప్పి, మూతలు తీసి చూసి, పెదవి విరిచాడు. సోమవారం కొత్తవి తెస్తానన్నాడు.

మార్చి 9

స్టార్టయింది. వీధంతా నల్ల పొగ. గిన్నెల అలమర గలగలలాడింది. మామయ్య మొహం చేటంత అయింది. ఆపడానికి స్విచ్ తీసేస్తే ఆగలేదు. డాష్‌బోర్డు కింద పిడి ఒకటి బయటికి లాగితే అప్పుడు ఆగింది.

అత్తయ్య లారీ మెట్టు పక్కన నిలబడి అంతా చూసింది. ఒక్క మాట అనలేదు. ఆవిడ అరిస్తే నాకు భయం లేదు, మాట్లాడకపోతేనే భయం.

మార్చి 11

కొత్త బ్యాటరీలు చచ్చాయి.

మార్చి 14

యాసిడ్ బాబాయ్ పట్టుకెళ్ళి చార్జింగ్ పెట్టి తెచ్చాడు. బాగా పనిచేశాయి. ఇవాళ మళ్ళీ చచ్చాయి. ఇన్నేళ్ళుగా నా బ్యాటరీని ఒక్కరు ఒక్క మాట అనలేదండీ అని ఆయన దాదాపు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మీ వైర్లలో ఎక్కడో లీకుంది అన్నాడు. నా వైర్లా అని మామయ్య లేచారు. ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆ తర్వాత మామయ్య బానెట్ కింద దూరి, సాయంత్రం దాకా వైర్లన్నీ వేళ్ళతో తడిమి చూశారు. ఏమీ దొరకలేదు. ఆ ముసలాయన్ని అలా చూస్తే జాలేసింది. వెంటనే 22వ తేదీ గుర్తొచ్చి జాలి పోయింది.

మార్చి 16, సోమవారం, మధ్యాహ్నం

నమ్మలేకపోతున్నాను.

తలనొప్పని సగం రోజు సెలవు పెట్టి వచ్చాను. మామయ్య నిద్రలో ఉన్నారు. అత్తయ్య రోజూలాగే లారీ పక్క కమ్మీల మీద దుప్పట్లు ఆరేసింది. మూతి మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాని అంచు కింద మట్టి తెల్లగా వెలుగుతోంది. ఎండేమో అనుకున్నాను. ఎండ అటు లేదు. టార్పాలిన్ ఎత్తాను. మిట్టమధ్యాహ్నం రెండు హెడ్‌లైట్లూ భగభగా వెలుగుతున్నాయి. లోపల గాలి ఊదే బ్లోయరు బుస్సుమంటోంది.

వెనక నుంచి అత్తయ్య గొంతు. అరవకు, మీ మామయ్య లేస్తారు, నాలుగింటికి ఆర్పేస్తాగా అంది. దుప్పట్లు మడత పెడుతూ చెప్పింది, మామూలు గొంతుతోనే.

ఈవిడ టీవీ చానెల్ మార్చడానికి నన్ను పిలుస్తుంది. మిక్సీ ముట్టుకుంటే షాక్ కొడుతుందని దూరంగా నిలబడి బటన్ నొక్కుతుంది. ఏ స్విచ్చో ఎలా తెలిసిందత్తయ్యా అన్నాను. ఆ రోజు ఆయన వేస్తుంటే చూశాగా అంది. ఆయన్ని ఆపడం నా తరం కాదు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కాలేదు, బండిని ఆపగలను కదా అంది. ఆయన ఎవరినైనా గుద్దేస్తే ఆ ఇంటివాళ్ళకి నేను ఏ మొహం పెట్టుకుని కనపడనే అని అడిగింది. మడత పెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మడత పెట్టింది.

నేను టార్పాలిన్ అంచు మట్టికి ఆనేలా సర్ది ఇంట్లోకి వచ్చేశాను. ఇప్పుడు నేనూ దొంగనే.

మార్చి 19

బ్యాటరీలు చార్జింగ్ అయి వచ్చాయి. మళ్ళీ చచ్చాయి. అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మానేశాం, నవ్వొస్తోంది.

మార్చి 21, శనివారం

రేపే. మామయ్య ఇవాళ యాసిడ్ బాబాయ్‌ని పిలవలేదు. తిట్టలేదు. బూట్లు తుడుచుకున్నారు. రేపెలా వెళ్తారు మామయ్యా అంటే నవ్వారు. గెలిచామే అని అత్తయ్య నా చెయ్యి నొక్కింది. ఆయన నవ్వు మాత్రం నాకు నచ్చలేదు.

మార్చి 22, ఆదివారం. ఎన్ని గంటలో చూడలేదు

అక్షరాలు కోడి కెలికినట్టు వస్తున్నాయి. రాయకపోతే తల పగిలిపోతుంది.

పొద్దున చెత్త బకెట్ పట్టుకుని గేటు బయటికి వచ్చాను. లారీ కదులుతోంది. చప్పుడు లేదు, పొగ లేదు. అంత ఇనుమూ ఎవరో పిలిచినట్టు వాలు దిగి వస్తోంది. రాళ్ళు పక్కన పడున్నాయి. లోపల మామయ్య, గడ్డం నున్నగా గీసుకుని, నిటారుగా కూర్చుని. బ్యాటరీలు చచ్చాయి కదా, ఎలా కదులుతుంది అని నిలబడి ఆలోచిస్తున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంతలో ఆయన క్లచ్ వదిలారు. లారీ ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, పొగ కక్కి, స్టార్టయింది.

దానికి బ్యాటరీ అక్కర్లేదట. వాలులో చక్రాలు తిరిగితే అవే ఇంజన్ని తిప్పుతాయట. ఒకసారి అందుకుందంటే ఆ పాత డీజిల్ ఇంజనుకి కరెంటుతో పని లేదట. ఆయన యూనిట్లో ఎక్కడ ఆపినా బండిని వాలు మీద, మూతి దారి వైపు పెట్టే ఆపేవాళ్ళట. బ్యాటరీని నమ్ముకున్నవాడు అక్కడే ఉండిపోతాడని మొదటి రోజే నేర్పిస్తారట. ఇదంతా తర్వాత చెప్పారు. మేం ఇన్నాళ్ళూ లైట్లు వెలిగించి సాధించింది సున్నా.

ఆ క్షణంలో నాకు తెలిసింది ఒక్కటే, లారీ నా వైపే వస్తోందని. చెయ్యి ఊపాను. మామయ్యా అని అరిచాను. ఇంజను చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. ఆయన మొహం నా వైపు కాస్త తిరిగింది కూడా. మలుపు చూసుకుంటున్నారు. ఆ చూపులో నేను లేను. గోడకి అతుక్కుపోయాను. బంపరు నా చేతిలోంచి బకెట్ లాక్కుని చక్రం కింద పడేసింది. ఆయన అలాగే ముందుకి చూస్తున్నారు.

అత్తయ్య ఎటు నుంచి వచ్చిందో నాకు తెలీదు. మోకాళ్ళ నొప్పులని మేడ మెట్లెక్కని మనిషి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, కదులుతున్న లారీ మెట్టెక్కి, తలుపు లాగి, లోపల పడింది. పిడి లాగేసింది. ఇంజను ఆగింది. మామయ్య బ్రేకు తొక్కారు. లారీ వీధికి అడ్డంగా నిలబడిపోయింది.

మతి పోయిందా నీకు అని అరుస్తూ దిగారాయన. అత్తయ్య చక్రం వెనక్కి వేలు చూపించింది. బకెట్ పళ్ళెంలా అయిపోయింది. ఆయన బకెట్‌ని చూశారు, తర్వాత నన్ను చూశారు. నువ్వెక్కడున్నావమ్మా అని అడిగారు. ఇక్కడే మామయ్యా అన్నాను.

నన్ను అక్కడే ఉండమని మళ్ళీ లారీ ఎక్కారు. సీట్లో కూర్చుని ముందుకి చూస్తూ, చెయ్యి ఊపమ్మా అన్నారు. ఊపాను. కాసేపాగి, ఊపుతున్నావా అని అడిగారు.

నాకు ఏడుపు ఆగలేదు.

మార్చి 23

మామయ్య గ్రౌండుకి వెళ్ళలేదు. లారీ రాత్రంతా వీధికి అడ్డంగానే ఉంది. అందరూ దాని చుట్టూ తిరిగి వెళ్ళారు, మమ్మల్ని తిట్టుకుంటూ.

యాసిడ్ బాబాయ్ షాపు నుంచి రెండు బ్యాటరీలు తెచ్చి, కలిపి, లారీకి వైర్లు తగిలించాడు. మామయ్య స్టీరింగు వైపు వెళ్ళలేదు. కొడుకుని ఎక్కమన్నారు. మా ఆయనది ఆటోమేటిక్ కారు. క్లచ్ అని దేన్నో తొక్కాడు, లారీ కప్పలా గెంతి ఆగింది. మళ్ళీ స్టార్టు చేద్దామని ఏదో స్విచ్ వేయబోయాడు. ఆ స్విచ్ కాదురా, ఎడం పక్కది అంది కింద నుంచి అత్తయ్య.

నీకెలా తెలుసు అన్నారు మామయ్య. అత్తయ్య చెప్పేసింది, అంతా. లైట్లు, దుప్పట్లు, నాలుగింటికి ఆర్పడం. మామయ్య ఆవిడ వైపు తిరిగారు. బ్లోయరు కూడా వేశావా అని అడిగారు. ఆఁ అంది. అయితే వీడి బ్యాటరీల తప్పు లేదన్నమాట అన్నారు. యాసిడ్ బాబాయ్ అక్కడే మెట్ల మీద కూలబడి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఏప్రిల్ 2

ఎర్ర రంగుతో ఎల్ అని రాసిన అట్టముక్క లారీ మూతికి కట్టి ఉంది. స్టీరింగు ముందు అత్తయ్య. మామయ్య పక్క సీట్లో ఉన్నారు, కళ్ళు మూసుకుని.