ఒక్క రేసూ గెలవని విశ్వవిజేత

మార్చి 8, ఆదివారం
ఉగాది ఫంక్షన్‌కి చీఫ్ గెస్ట్ దొరకలేదని భానుప్రసాద్ ఏడుపు. తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంటయ్యాక ఎవరో ఒకరికి శాలువా కప్పకపోతే ఆ మనిషికి తిండి సయించదు. మా పక్కింటి లూక్ ఉన్నాడుగా, బెల్జియం ఆయన, సైకిల్ రేసుల్లో ఒకప్పటి వరల్డ్ ఛాంపియన్ అని ఓ కోత కోశాను. నమ్మేశాడు! దేశం మారినా, ఈ క్రెయిగీబర్న్ తెలుగువాళ్లలో నా నోటికి ఇంకా గిరాకీ ఉంది.

మార్చి 14, శనివారం
ఫ్లెక్సీ వచ్చింది. లూక్ ఫోటో, చుట్టూ పూలు, పైన విశ్వవిజేత. నవ్వలేక చచ్చాను. మా ఆవిడ శ్యామసుందరి నవ్వలేదు. డెబ్భై ఏళ్లాయనతోనా మీ వెధవ్వేషాలు, జనం ఆయన్ని చూసి నవ్వితే ఆ పాపం ఎవరిదీ అంది.

మార్చి 15, ఉదయం 7
ఒప్పేసుకుందామని లూక్ షెడ్డుకెళ్లా. బాగుచేయమని ఇచ్చిన నా డొక్కు సైకిల్ కూడా అక్కడే ఉంది. ఎన్ని కప్పులు కొట్టావని అడిగా. ఒక్కటీ లేదట. పదకొండేళ్లు తొక్కాడు. టీమ్‌లో గెలవాల్సింది ఒక్కడే, మిగతావాళ్లు వాడికి నీళ్ల సీసాలు మోయాలి, ఎదురుగాలికి అడ్డంగా తొక్కాలి, అదే డ్యూటీ అన్నాడు. ఒక్కసారి తనే అందరికన్నా ముందున్నాడట. ఇంకో ఎనిమిది కిలోమీటర్లు. వెనక ఆ గెలవాల్సిన లీడర్ టైరు పేలింది. టీమ్‌వాళ్లు ఆగమన్నారు. ఆగి, తన చక్రం ఊడదీసి ఇచ్చేశాడు.
కడుపు మండలేదా అన్నా. ఇచ్చాక మండింది అన్నాడు.
బహుమతులిచ్చే స్టేజీ ఎప్పుడూ ఎక్కలేదట. మీవాళ్లు నన్నెందుకు పిలిచారో తెలీదు గానీ సూట్ ఇస్త్రీ చేసుకున్నా అన్నాడు.
చెప్పకుండానే వచ్చేశా. పిరికి వెధవని.

మార్చి 18
భానుప్రసాద్‌కి నిజం చెప్పా. శాలువా కూడా కొనేశాం శ్రీపతి గారూ, ఇప్పుడు నిజం ఎందుకండీ అన్నాడు.

మార్చి 21, శనివారం
శాలువా కప్పి, మైకులో వరల్డ్ ఛాంపియన్ అన్నాడు భానుప్రసాద్. హాలంతా చప్పట్లు. లూక్ ఎవరి గురించా అని వెనక్కి తిరిగి చూశాడు.
ఆ చూపు భరించలేకపోయా. పోయి మైకు లాక్కున్నా. ఈయన ఒక్క రేసూ గెలవలేదు, ఆ అబద్ధం నాది అన్నా. అందరూ పగలబడి నవ్వారు. నేను నోరు తెరిస్తే జోకే అని అలవాటు. అప్పుడు చక్రం సంగతి చెప్పా, తెలుగులో, తర్వాత నా వంకర ఇంగ్లీషులో. నవ్వు ఆగింది. మొదట చప్పట్లు కొట్టింది వెనకాల పులిహోర వడ్డించడానికి నిలబడ్డ ఆంటీలు.
మడిచి కవర్లో పెడతానని భానుప్రసాద్ శాలువా మీద చెయ్యేశాడు. లూక్ వదల్లేదు. ఇది మాత్రం ఎవరికీ ఇవ్వనన్నాడు. దాంతోనే నన్ను దాటుకుని ఇంటికెళ్లిపోయాడు.

మార్చి 22, ఉదయం 6
లూక్ శాలువా కప్పుకునే సైకిల్ తొక్కుకుంటూ పోయాడు. షెడ్డులో చూస్తే నా సైకిల్‌కి ముందు చక్రం లేదు, ఊడదీసుకుపోయాడు.