దీవెన పడ్డ చక్రం

లోమా వెర్దే,
మంగళవారం, 12 ఆగస్టు 1986

బెనీతా నాన్నగారికి,

నికొలాసా రాస్తున్నది. ఇక్కడ మేమందరం బాగున్నాం. ఉత్తరం అలా మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను, అసలు సంగతులు కింద ఉన్నాయి. అక్కడ చెరకు మిల్లులో మీరు వేళకి తింటున్నారనీ, వెల్డింగ్ చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటున్నారనీ అనుకుంటాను. బస్సు డ్రైవర్ కాస్తో చేతికి ఈ ఉత్తరంతో పాటు ఎండుమాంసం పొట్లం ఇచ్చాను. పొట్లం అడుగున చిన్న గుడ్డమూట ఉంటుంది. ఉత్తరంలో నేను చెప్పే చోటు వచ్చేదాకా దాన్ని విప్పకండి. మీకు ఓపిక తక్కువని తెలుసు, అయినా ఈ ఒక్కసారి నా మాట వినండి.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్లు ఫరవాలేదు. చర్చికి నడిచేటప్పుడు నొప్పి ఉండదు, నీళ్లు తేవాల్సి వచ్చినప్పుడే మొదలవుతుంది. బెనీతాకి ముందు పన్ను ఊడింది. శాన్ రోకె పండుగకి తెల్లగౌను కుట్టించాను. రోజూ బయటికి తీసి చూసుకుని మళ్లీ మడతపెడుతోంది. ఎవరు యంత్రం నడిపితే వాళ్ల ఇంటివాళ్లే పండుగనాడు మొదటి చుట్టు ఎక్కాలి కదా, అప్పుడే జనం నమ్మి ఎక్కుతారు. మీరు వెళ్లాక జెయింట్ వీల్ మీట నా చేతికి వచ్చింది కాబట్టి ఈసారి మొదటి తొట్టిలో అత్తయ్యా, బెనీతా. "పైకెళ్తే నాన్న ఉన్న ఊరు కనిపిస్తుందా?" అని అడుగుతోంది. కనిపించదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పార్కులో మీరు వదిలి వెళ్లినవన్నీ అలాగే ఉన్నాయి. ఎగిరే కుర్చీలు ఇప్పుడు సాతుర్నినో నడుపుతున్నాడు. ఆడపిల్లలెక్కితే ఒక చుట్టు ఎక్కువ తిప్పే జబ్బు వాడికి ఇంకా పోలేదు. డాషింగ్ కార్లలో ఎర్రది ఇప్పటికీ వెనక్కే పోతుంది, పిల్లలు దానికోసమే కొట్టుకుంటున్నారు. చెక్కగుర్రాలకి కొత్త తోకలు వచ్చాయి. దెయ్యాల గుహలో అస్థిపంజరానికి చెయ్యి ఊడితే చీపురుకట్ట కట్టారు, ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది. మొన్న ఆదివారం పాద్రే వచ్చి అన్ని యంత్రాల మీదా పవిత్రజలం చల్లి వెళ్లారు. ఇక మన పార్కు కట్టుబాటు మీకు తెలిసిందే. దీవెన పడ్డాక పండుగ ముగిసేదాకా ఏ యంత్రానికీ పానా తగలకూడదు.

"నా అతుకు ఎలా ఉంది?" అని మీరు ఉత్తరం చివర అడిగారు. నేనూ దాన్ని చివరికే ఉంచాను.

అది బీటవారింది. ఇరుసు దగ్గర చక్రం ఆకు కమ్మీకి పోయిన ఏడు మీరు వేసిన వెల్డింగ్ గురించే చెబుతున్నాను. దీవెనకి ముందే చూసి యజమానికి చూపించాను. దోన్ ఎవారిస్తో సంగతి మీకు చెప్పాలా, నీలం రంగు డబ్బా తెప్పించి దాని మీద పూయించాడు. దీవెన అయ్యాక, నిన్న పొద్దున ఖాళీ తొట్లతో కాసేపు తిప్పి ఆపి చూశాను. కొత్త రంగు సరిగ్గా ఆ చోటే చీలింది. నా గోరు దూరింది. చక్రమంతా అదే రంగు వేశారు, ఇంకెక్కడా చీలలేదు.

మళ్లీ వెళ్లి చెప్పాను.

"పగిలింది రంగు, ఇనుము కాదమ్మా. ఎలియోదోరో చేతిపని అది. నా మనవలు ఎక్కేదాకా ఊడదని ఊరందరి ముందు అన్నాడా, లేదా? కట్టుకున్న మొగుణ్ణే నమ్మవా నువ్వు?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

సాతుర్నినో కాళ్లావేళ్లా పడ్డాను, ఆ ఆకు ఒక్కటి విప్పి చూద్దాం రమ్మని. "వదినా, ప్రాణమడుగు ఇస్తా. పానా మాత్రం అడగమాక. దీవెన మీద చెయ్యేస్తే నా కుర్చీలు కూడా తెగిపడతయ్," అన్నాడు. వాడి భయం నిజమైనదే, వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యతో పిల్లని ఎక్కించొద్దన్నాను. "మనమెక్కకపోతే ఎవరెక్కుతారు? నీకంత భయమైతే కళ్లు మూసుకుని మీట లాగు. నా మనవరాలి పక్కన నేనుంటా. అది నా కొడుకేసిన అతుకు," అంది. మీ అమ్మకి మీ మీద ఉన్న నమ్మకం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

నాకు భయంగా ఉందండీ. అన్నం కలుపుతుంటే ఆ చీలికే కనిపిస్తోంది. బెనీతా జడ వేస్తుంటే చేతులు ఆగిపోతున్నాయి. వాళ్లిద్దర్నీ తీసుకుని ఎక్కడికైనా పోదామనుకున్నాను, కాని మా బదులు ఇంకొకరి పిల్ల కూర్చుంటుంది. కొండ ఊళ్లవాళ్లు ఏడాదికి ఒక్కసారి వచ్చేది ఆ చక్రం కోసమే.

అందుకని ఇవాళ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు చక్రానికి గొలుసు కట్టి, మీ పానాతోనే గేరుపెట్టెకీ ఇరుసుకీ మధ్య ఉండే పిన్ను తీసేశాను. దీవెన పడ్డ యంత్రం మీద పానా పెట్టింది నేనే. ఇప్పుడు మూట విప్పండి.

మీరు చేయించిన పిన్నే అది, చూస్తే గుర్తుపడతారు. అది లేకపోతే మోటారు ఎంత మొత్తుకున్నా చక్రం కదలదు. వేరేది బిగించాలన్నా పానా పట్టాలి కాబట్టి మనవాళ్లెవరూ ముందుకు రారు. కాని దోన్ ఎవారిస్తో ఊరుకునే మనిషి కాదు. శనివారం పండుగనాడు జనం నిండితే పాద్రేని మళ్లీ పిలిపించి, ఇంకో చెంబు నీళ్లు చల్లించి, దొరికిన ఇనుపముక్క దూర్చి తిప్పిస్తాడు. నేను అడ్డం నిలబడతాను. ఎంతసేపు నిలబడనిస్తారు? దీవెన చెడగొట్టినదాన్ని. ఈ ఏడాది ఎవరి గొర్రె చచ్చినా నా పేరే వస్తుంది, అత్తయ్య నా చేతి ముద్ద ముట్టదు. అవన్నీ పడతాను.

కాని నేను చెబితే వినరు. మొగుడు వదిలిపోయాడన్న కోపంతో ఆయన పనికి వంకపెడుతోందని అప్పుడే అనుకుంటున్నారు. మీరు రావాలి. వచ్చి ఆ జనం ముందు నిలబడి, నా అతుకు పోయింది, ఎవరూ ఎక్కకండి అని మీ నోటితో మీరే అనాలి. ఆ మాట అనడం మీకెంత కష్టమో నాకు తెలుసు. చారులో ఉప్పెక్కువైందంటేనే రెండు రోజులు మాట్లాడని మనిషి మీరు. అయినా అడుగుతున్నాను, కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. గురువారం కాస్తో బస్సు తిరిగి వస్తుంది. అందులో మీకు సీటు ఉంచమని చెప్పాను.

ఒకవేళ వచ్చి చూసి, నా అతుకు గట్టిగానే ఉంది, ఇది పిచ్చిది అంటారా, అలాగే కానివ్వండి. పిన్ను మీ చేత్తోనే బిగించండి. నేను ఒక్క మాట అనను. మీరు వస్తే నడిపేది మీరే కదా, ఇంటివాళ్లం మేం ఎక్కాలి. తెల్లగౌను వేసి బెనీతాని మధ్యలో కూర్చోబెట్టుకుంటాం, అటు అత్తయ్య, ఇటు నేను.

మీట మీరు లాగండి.

ఇట్లు,
మీ దారి చూస్తూ,
మీ భార్య
నికొలాసా