నీ గోడ వైపు గట్టర్

ప్రొద్దుటూరు

మాబూ మామకు,

గోడకు గోడ ఆనుకొని ఉండి ఉత్తరమేందని నవ్వొద్దు. నీ ఎదుట నిలబడి అడిగే ముఖం నాకు లేదు.

మా షాపుల రేకుల నీళ్లు పడి నీ గోడ పెచ్చులూడుతోందని ఉగాదప్పుడు చెప్పినావు. నీ గోడకే పైపు వేయించుకోమన్నావు, అంతే. నేనే నలుగురి ముందర, "నా నీళ్లకు నీ గోడ బిచ్చం అక్కర్లే, పోప్పా" అని అరిచినాను. ఆ కోపంలోనే రేకుల అంచునున్న గట్టర్ మూతికి సిమెంటు పెట్టి మూసేసినాను. వాలు నీ వైపే ఉందని తెలిసి కూడా.

పోయిన నెల వానకు గట్టర్ నిండి, నీళ్లు మా దగ్గర బాడుగకున్న ప్రసూన టైలరు షాపులోకి దిగినాయి. జాకెట్లు కుట్టమని ఇచ్చిన పెళ్లి పట్టుబట్టలు రంగు కారినాయి. ఆ పిల్ల "ఏం చేస్తాంలే పెద్దనాయనా, వాన గదా" అనింది. అది వాన చేసిన పని కాదు.

గట్టర్ అతుకులకు తారు షీటు వేయిస్తే రెండో వానకే లేచిపోయింది. వాలు వీధికి తిప్పాలంటే రేకులన్నీ విప్పాలి. శ్రావణం పెళ్లిళ్లలో షాపు మూస్తే ఆ పిల్ల బతుకేం కావాలి? మూతి తెరిచి, నీ గోడకు పైపు బిగించి కిందికి దించడమే మిగిలింది. పెచ్చులూడిన చోట నేనే పూత పూయిస్తాను.

సరే అనుకుంటే నోటితో చెప్పొద్దు, నేను తల ఎత్తలేను. ఆ గోడ కింద నిలిపే నీ స్కూటరు పక్కకు తీసిపెట్టు. చూసి పనివాళ్లను పిలుస్తాను.

ఇట్లు,
నీ పక్క గోడవాడు