ఐదో విండో

సుందరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. హుకుంపేటలో కాఫీ తోటలు మళ్లీ పూశాయి.

మనమిద్దరం మొదలుపెట్టిన ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ ఈ రోజే పూర్తయింది. పంపే సర్వర్ నాది, అందుకునే క్లయింట్ నీది అని పంచుకున్నాం కదా. నా సర్వర్ ఒకరికి పంపేదాకా మిగతావాళ్లను నిలబెట్టేసేది. థ్రెడ్లు నేర్చుకున్నాక అందరికీ ఒకేసారి పంపుతోంది.

పరీక్షించడానికి నీ క్లయింట్‌ను నాలుగు విండోల్లో తెరిచి, కాఫీ పూల ఫొటో పంపాను. సర్వర్‌కు కలవగానే కనిపించాలని నువ్వు రాసిపెట్టిన మాట నాలుగింట్లోనూ వచ్చింది.

"వచ్చీసాను గుంటా, బేగి పంపు!"

పైకే చదివేశాను కాబోలు, అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"ఎవులొచ్చినారే?"

"ఎవులూ రానేదమ్మా" అని, ఐదో విండో తెరిచాను.