క్రేన్ తెర మీద తప్పుడు బరువు

సిద్ధగోరా, జంషెడ్‌పూర్
11 ఆగస్టు 2003

సత్యప్రసాద్ బావగారికి,

మీరు ఫోన్ పెట్టేశారు కాబట్టి రాస్తున్నాను. క్షేమం అడిగే ఓపిక ఇవాళ నాకు లేదు.

మన కంపెనీ ఫ్యాక్టరీకి రాసిచ్చిన ప్రోగ్రామ్ ఇరవై ఆరు టన్నుల బరువును క్రేన్ తెర మీద పన్నెండుగా చూపించింది. క్రేన్ డ్రైవర్ అసిరయ్య ఆ అంకెను నమ్మి ఎత్తాడు. వైరు రోప్ తెగింది. కింద ఎవరూ లేకపోవడం అదృష్టం. మీరేమో డ్రైవర్ నిర్లక్ష్యమని రాసిచ్చి, ఇరవై రెండేళ్ల సర్వీసున్న మనిషిని సస్పెండ్ చేయించారు.

నిన్న బిర్సానగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. "తెర మీద ఏటుంటే అదే సూసినానమ్మా. నానేటి తప్పు సేసినాను?" అని అడిగాడు.

తప్పు మీరు రాసిన సి ప్లస్ ప్లస్ కోడ్‌లో ఉంది. బరువు లెక్కగట్టే ఫంక్షన్ విలువకు బదులు తన లోపలి వేరియబుల్‌కు రిఫరెన్స్, అంటే అది మెమరీలో ఎక్కడుందో ఆ చోటు మాత్రమే, ఇస్తోంది. ఫంక్షన్ ముగియగానే ఆ విలువ ఉండదు. ఆ మెమరీలో ఏ చెత్త అంకె చేరినా తెర దాన్నే బరువంటుంది. విలువను కాపీ చేసి ఇవ్వాలని ఏప్రిల్‌లోనే చెప్పాను. "స్పీడు తగ్గుతుంది, నువ్వింకా నేర్చుకోవాలి" అని నవ్వారు. మొన్న అడిగితే "చుప్! నీకు ఉద్యోగం ఇప్పించిందెవరు?" అన్నారు.

ఈ ఉదయం విచారణ కమిటీ ముందు ఆ కోడ్ నడిపాను. మూడోసారికే బరువు తప్పు చూపించింది. అసిరయ్య సస్పెన్షన్ ఎత్తేశారు.

రేపు పదకొండింటికి మిమ్మల్ని పిలుస్తారు. ఆ గదిలో అసిరయ్య కూడా ఉంటాడు. అతని ప్రశ్నకు మీరే జవాబు చెప్పండి.

మీ మరదలు